అద్దె ఫ్లాట్‌లో కరెంటు బిల్లు అనూహ్యంగా పెరిగితే ఏం చేయాలి: హైదరాబాద్ అద్దెదారులకు సమగ్ర మార్గదర్శి

బిల్లు ఒక్కసారిగా రెట్టింపయినప్పుడు చాలామంది మొదట ఏసీని నిందిస్తారు, ఆ తరువాత ఓనర్‌ను, చివరకు విద్యుత్ సంస్థను. నిజానికి ఈ క్రమంలో వెతకడం వల్లనే కారణం దొరకదు. రీడింగు సరైనదేనా, ఆ మీటరు మనదేనా, మన మీటరు మీద వేరేవారి వాడకం పడుతోందా అన్న మూడు ప్రశ్నలు తేలిన తరువాతనే ఇంట్లో వాడకం దగ్గరికి రావాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది. ఒక మెట్టు దాటకుండా తరువాతి మెట్టుకు వెళ్లవద్దు.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పని మొదలుపెట్టే ముందు ఇవి చేతిలో ఉంచుకోండి:

□ ఈ నెల బిల్లు, వీలైతే గత ఆరు నెలల బిల్లులు
□ బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు (ప్రతి కనెక్షన్‌కూ ఉండే ప్రత్యేక సర్వీసు నంబరు). దీనితో హైదరాబాద్‌కు కరెంటు సరఫరా చేసే టీజీఎస్‌పీడీసీఎల్ వెబ్‌సైట్‌లోగానీ యాప్‌లోగానీ పాత బిల్లుల వివరాలు చూసుకోవచ్చు
□ అద్దె ఒప్పంద పత్రం, ఇంట్లో చేరిన రోజు తీసిన మీటరు ఫొటో (ఉంటే)
□ మీటరు గది తాళం. అపార్ట్‌మెంట్లలో ఇది సాధారణంగా వాచ్‌మన్ దగ్గర ఉంటుంది

పాత బిల్లులు ఓనర్ ఫోన్‌కే వెళుతున్నాయని ఆగిపోనక్కర లేదు, యూఎస్‌సీ నంబరు ఉంటే చాలు. మీరు చేరక ముందు నెలల వాడకం కూడా ఒకసారి చూడండి. ఇంతకు ముందున్న కుటుంబానికి కూడా కారణం తెలియకుండా ఎక్కువ యూనిట్లు వచ్చి ఉంటే, లోపం మీ ఏసీలో కాక వైరింగులో ఉండే అవకాశమే ఎక్కువ.

2. బిల్లును పైనుంచి కిందికి చదవడం

చాలామంది కట్టవలసిన మొత్తాన్ని మాత్రమే చూస్తారు. మీరు ఆ అంకెను కాసేపు పక్కన పెట్టి, ఈ ఐదు విషయాలను వరుసగా చూడండి.

మొదటిది మీటరు నంబరు. బిల్లు మీద ఉన్న నంబరు, మీటరు మీద ముద్రించిన నంబరు ఒకటే కావాలి.

రెండవది రీడింగు. మీటరు తెర మీద అంకెలు ఒకదాని తరువాత ఒకటి మారుతూ ఉంటాయి: తేదీ, సమయం, గరిష్ఠ డిమాండు, కేవీఏహెచ్, కేడబ్ల్యూహెచ్. గృహ వినియోగానికి లెక్కలోకి వచ్చేది కేడబ్ల్యూహెచ్ అంకె, అంటే మనం యూనిట్లు అనేది, మాత్రమే. ఈ రోజు మీటరు చూపుతున్న కేడబ్ల్యూహెచ్ అంకె బిల్లులోని ప్రస్తుత రీడింగు కంటే తక్కువగా ఉంటే రీడింగు తప్పని అక్కడికక్కడే తేలిపోయినట్టే. వెంటనే ఫొటో తీసి నేరుగా 9వ మెట్టుకు వెళ్లండి.

మూడవది రీడింగు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయన్నది. దీని ప్రభావం తరువాతి మెట్టులో తెలుస్తుంది.

నాలుగవది కేటగిరీ. ఇల్లు కేటగిరీ 1లో ఉండాలి. ఇంతకు ముందు అదే ఫ్లాట్‌లో ఆఫీసో, ట్యూషన్ సెంటరో నడిచి ఉంటే సర్వీసు వాణిజ్య కేటగిరీలోనే మిగిలిపోయి ఉండవచ్చు. అక్కడ యూనిట్ ధర గృహ వినియోగం కంటే చాలా ఎక్కువ. కేటగిరీ మార్పు కోసం ఓనర్ చేత దరఖాస్తు పెట్టించాలి.

ఐదవది ఎనర్జీ ఛార్జీలు (వాడిన యూనిట్ల ధర) కాక వచ్చిన మొత్తాలు. ఎరియర్స్ (పాత బకాయిలు) ఉంటే అవి ఏ నెలవో చూడండి. మీరు చేరక ముందువైతే అవి కట్టవలసింది మీరు కాదు. ఏసీడీ పేరుతో అదనపు డిపాజిట్ కనిపిస్తే, అది సర్వీసు ఎవరి పేరున ఉందో వారి ఖాతాలో నిలిచే సొమ్ము. ఇల్లు ఖాళీ చేసినప్పుడు అది మీకు తిరిగి రాదు కనుక, ఓనర్ కట్టడమో లేదా మీరు కట్టి అద్దెలో మినహాయించుకోవడమో న్యాయం.

గత నెలలో ఇంటికి తాళం వేసి ఉన్నందువల్ల రీడింగు తీయలేదన్న సూచన బిల్లులో ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే ఈ నెలలో రెండు నెలల యూనిట్లు కలిసి వస్తాయి. వాటిని నెలల వారీగా విడదీసి శ్లాబు (వాడకాన్ని బట్టి యూనిట్ ధర మారే అంచె) లెక్క కట్టాలి. మొత్తాన్ని ఒకే నెల వాడకంగా చూపితే సరిచేయమని అడగండి.

3. శ్లాబు లెక్కను కాగితం మీద వేసుకోవడం

హైదరాబాద్ బిల్లుల్లో సగం ఆశ్చర్యాలకు మూలం ఇక్కడే ఉంది. 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన గృహ వినియోగ రేట్ల ప్రకారం లెక్క ఇది. ఈ రేట్లు మీ బిల్లుతో సరిపోతున్నాయో లేదో ముందుగా సరిచూసుకోండి.

నెల వాడకం 100 యూనిట్ల లోపు ఉంటే: మొదటి 50కి యూనిట్ రూ.1.95, తరువాతి 50కి రూ.3.10.

100 దాటి 200 వరకు ఉంటే: మొదటి 100కి రూ.3.40, మిగిలినవాటికి రూ.4.80.

200 దాటితే: మొదటి 200కి రూ.5.10, 201 నుంచి 300 వరకు రూ.7.70, 301 నుంచి 400 వరకు రూ.9, 401 నుంచి 800 వరకు రూ.9.50, ఆపైన రూ.10.

గమనించవలసింది ఏమిటంటే, 200 దాటగానే పెరిగే ధర ఆ పై యూనిట్లకు మాత్రమే కాదు, మొదటి యూనిట్ నుంచీ వర్తిస్తుంది. 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీలు రూ.820 కాగా, 201 యూనిట్లకు రూ.1,027.70. ఒక్క యూనిట్‌కు రూ.207 పైన తేడా. ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, యూనిట్‌కు 6 పైసల ఎలక్ట్రిసిటీ డ్యూటీ దీనికి అదనం.

ఇప్పుడు రీడింగు తేదీల సంగతి. రోజుకు 6 యూనిట్లు వాడే ఇంటికి 30 రోజులకు రీడింగు తీస్తే 180 యూనిట్లు, అంటే రూ.724. అదే ఇంటికి 36వ రోజున తీసి మొత్తాన్ని ఒకే నెలగా లెక్కిస్తే 216 యూనిట్లు, రూ.1,143.20. వాడకం పెరగలేదు, రోజులే పెరిగాయి. మీ బిల్లులో ఇలా జరిగినట్టు కనిపిస్తే రెండు రీడింగు తేదీలనూ ఎత్తి చూపి సవరణ కోరండి.

గృహజ్యోతి కింద జీరో బిల్లు అందుకుంటున్న కుటుంబాలకు ఈ 200 యూనిట్ల గీత మరింత కీలకం. ఆ పథకం 2024 మార్చి నుంచి 200 యూనిట్ల వరకే వర్తిస్తోంది. దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. అద్దెదారులకూ పథకం వర్తిస్తుంది కానీ, రేషన్ కార్డు ఏ సర్వీసు నంబరుతో ముడిపడి ఉందన్నది ముఖ్యం. ఇల్లు మారిన తరువాత ఉన్నట్టుండి బిల్లు వస్తోందంటే, పాత ఇంటి నంబరే ఇంకా నమోదై ఉందేమో ప్రజాపాలన సేవా కేంద్రంలో విచారించండి.

4. ఆ మీటరు మీదేనా?

సెల్లార్‌లో ఒకే బోర్డు మీద పదీ ఇరవై మీటర్లు వరుసగా ఉండే భవనాల్లో ఫ్లాట్ నంబర్లు తారుమారు కావడం అరుదేమీ కాదు. మీటరు మీద పెయింటుతో రాసిన ఫ్లాట్ నంబరును నమ్మవద్దు.

ఒకరు ఫ్లాట్‌లో, మరొకరు మీటరు దగ్గర ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఈ పరీక్ష చేయాలి. ఫ్లాట్‌లో గీజరు లేదా ఏసీ వేయమనండి. మీటరు మీది చిన్న ఎర్ర దీపం వేగంగా మినుకుతుంది. తరువాత ఇంటి మెయిన్ స్విచ్ దించమనండి. మీ మీటరు దీపం మినుకడం ఆగిపోవాలి (కొన్ని మీటర్లలో ఆరిపోకుండా నిలకడగా వెలుగుతుంది, అదీ సరైనదే). మీది ఆగకుండా పక్కది ఆగితే, మీరు కడుతున్నది పక్క ఫ్లాట్ బిల్లు.

5. వేరేవారి వాడకం మీ మీద పడుతోందా?

ఈ మెట్టును తొందరపడి దాటవద్దు. బిల్లుకు కారణం దొరకని ఇళ్లలో ఎక్కువసార్లు అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది.

మెయిన్ దించినా మీ మీటరు మినుకుతూనే ఉంటే, మీటరుకూ మీ మెయిన్‌కూ మధ్య ఎక్కడో వేరే వైరు తగిలించి ఉందని అర్థం. మెట్ల దీపం, గేటు దీపం, సీసీ కెమెరాలు, బోరు మోటారు వంటివి ఇలా తగిలి ఉంటాయి. పెద్ద అపార్ట్‌మెంట్లలో లిఫ్టుకూ మోటారుకూ కామన్ మీటరు ఉంటుంది. రెండు మూడు పోర్షన్లుగా కట్టిన ఇండిపెండెంట్ ఇళ్లలోనే మోటారు ఎక్కువగా గ్రౌండ్ ఫ్లోర్ మీటరు మీద నడుస్తుంటుంది. సంపు నుంచి నీళ్లు ఎక్కించే సమయానికి మీటరు దగ్గర నిలబడి చూస్తే సంగతి తేలిపోతుంది.

రెండవ పరీక్ష ఇంకొంచెం సూక్ష్మమైనది. ఈసారి మెయిన్ వేసే ఉంచి, దాని కింద ఉన్న ఎంసీబీలన్నీ (ఒక్కో లైనుకు ఉండే చిన్న స్విచ్‌లు) ఒక్కొక్కటిగా దించండి. ఇన్వర్టరు ఉంటే దానిని కూడా ఆపండి. ఇప్పుడు ఇంట్లో ఏదీ నడవడం లేదు. అయినా మీటరు మినుకుతోందంటే న్యూట్రల్ వైరు మీద అనుమానం పెట్టుకోవాలి.

కారణం ఇది. మన దేశంలో ఇళ్లకు బిగించే డిజిటల్ మీటర్లు దొంగతనాన్ని అడ్డుకోవడానికి ఫేజులో వెళ్లే కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగి వచ్చే కరెంటునూ రెండింటినీ కొలిచి, ఏది ఎక్కువైతే దానినే లెక్కలోకి తీసుకుంటాయి. వైరింగు సమయంలో పక్క ఫ్లాట్ న్యూట్రల్‌నుగానీ, కామన్ ఏరియా న్యూట్రల్‌నుగానీ మీ దానితో కలిపేసి ఉంటే, వారి కరెంటు మీ న్యూట్రల్ గుండా తిరిగి వస్తూ మీ మీటరును తిప్పుతుంది. ఇలాంటప్పుడు మీటరు మీద ఎర్త్ సూచిక దీపం కూడా వెలుగుతూ కనిపించవచ్చు. ఇన్వర్టరు బిగించేటప్పుడు న్యూట్రల్స్ కలపడం కూడా తరచూ జరిగే పొరపాటే.

దీనిని నిర్ధారించడానికి ఎలక్ట్రీషియన్ దగ్గర టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పెట్టి కరెంటును కొలిచే పరికరం) ఉండాలి. ఇంట్లో మామూలు వాడకం నడుస్తుండగా ఫేజు వైరు మీద ఒకసారి, న్యూట్రల్ మీద ఒకసారి పెట్టి చూస్తే రెండు అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. స్పష్టమైన తేడా ఉంటే న్యూట్రల్స్ విడదీయించాలి లేదా లీకేజీ ఎక్కడుందో వెతికించాలి. ఇది భవనం వైరింగు లోపం కనుక ఖర్చు ఓనర్‌దే.

జాగ్రత్తలు:

□ మీటరు సీలును ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు. సీలు తెగితే నేరం మీ మీదికి వస్తుంది
□ మీటరు గదిలో ఫ్యూజులు మీరే పీకవద్దు
□ లిఫ్టులో ఎవరైనా ఉన్నారేమో చూడకుండా కామన్ స్విచ్‌లు దించవద్దు

6. మీటరే వేగంగా తిరుగుతోందా?

ఇప్పటి వరకు లోపం దొరకకపోతేనే ఈ పరీక్ష చేయాలి. ఇంట్లో మిగిలినవన్నీ ఆపి, 1,500 వాట్ల హీటర్ రాడ్‌ను నిండు బకెట్‌లో ఉంచి సరిగ్గా 20 నిమిషాలు నడపండి. గీజరు, ఇస్త్రీపెట్టె మధ్యమధ్యలో వాటంతటవే ఆగుతాయి కనుక ఈ లెక్కకు పనికిరావు. రాడ్ నడుస్తున్నంత సేపు నీళ్లలో చేయి పెట్టకూడదు, పిల్లలను దగ్గరికి రానీయకూడదు.

మీటరు అర యూనిట్ చూపాలి. వోల్టేజీని బట్టి కొంచెం అటూ ఇటూ కావడం సహజం. తెర మీద దశాంశం కనిపించకపోతే మీటరు ముఖం మీద చూడండి, 3200 వంటి ఒక అంకె ముద్రించి ఉంటుంది. అన్నిసార్లు దీపం మినుకితే ఒక యూనిట్ అని దాని అర్థం. రాడ్ నడుస్తుండగా ఒక నిమిషం వీడియో తీసి, నెమ్మదిగా నడిపి మినుకులు లెక్కపెట్టండి. 3200 మీటరులో నిమిషానికి సుమారు 80 రావాలి.

100 పైన వస్తుంటే మీటరు పరీక్ష కోరడానికి మీ దగ్గర తగిన ఆధారం ఉన్నట్టే. అయితే డిజిటల్ మీటర్లు ఆగిపోవడం, కాలిపోవడం తరచూ జరుగుతుంది కానీ వేగంగా తిరగడం అరుదు. అందుకే ఈ మెట్టును ఇంత వెనుక పెట్టాను.

7. ఇంటి లోపలి వాడకం

ఇక్కడికి వచ్చారంటే రీడింగు, మీటరు, వైరింగు సరిగ్గా ఉన్నట్టే. ఒక వారం పాటు రోజూ ఒకే సమయానికి రీడింగు రాసుకోండి. ఒక రోజు ఇన్వర్టరు ఆపి, మరొక రోజు ఏసీ లేకుండా గడిపి తేడా చూస్తే చాలు, ఊహలతో పని లేదు.

అనుమానించవలసిన వరుస:

□ ఇన్వర్టరు: బ్యాటరీ పాతబడితే ఎంతకీ ఛార్జింగు పూర్తికాక పగలంతా కరెంటు లాగుతుంది
□ ఫ్రిజ్: తలుపు రబ్బరు వదులైతే కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది
□ గీజరు: 2,000 వాట్లది గంట నడిస్తే 2 యూనిట్లు; స్విచ్ వేసి మరచిపోయే ఇళ్లలో ఇదే ప్రధాన దోషి
□ ఏసీ: ఫిల్టరు కడగకపోవడం, 18 డిగ్రీల మీద ఉంచడం; ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ చెబుతోంది
□ ఫ్యాన్లు: మామూలువి సుమారు 75 వాట్లు, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ మోటారు రకం సుమారు 30 వాట్లు

ప్లగ్గుకు తగిలిస్తే బిల్లు సగమవుతుందని అమ్మే చిన్న పెట్టెల కోసం డబ్బు పెట్టవద్దు. ఇంటి బిల్లు కేడబ్ల్యూహెచ్ మీద లెక్కకడతారు కనుక వాటితో బిల్లులో మార్పేమీ రాదు.

8. ఓనర్‌తో మాట్లాడవలసినవి

మాట్లాడే ముందు లెక్క సిద్ధంగా ఉండాలి. కోపంతో చేసే ఫోన్ కంటే మీటరు ఫొటో, బిల్లు కాపీ జతచేసిన ఒక సందేశం బాగా పనిచేస్తుంది.

ఒకే మీటరు మీద రెండు కుటుంబాలున్న ఇంట్లో నష్టం ఎలా జరుగుతుందో చూపండి. ఒక్కొక్కరు 150 యూనిట్లు వాడితే, విడి మీటర్లుంటే ఒక్కొక్కరికి రూ.580 చొప్పున మొత్తం రూ.1,160. ఒకే మీటరు మీద 300 యూనిట్లుగా పడితే రూ.1,790. ప్రతి పోర్షన్‌కూ విడి సర్వీసు తీసుకోవడమే దీనికి పరిష్కారం.

సబ్ మీటరు ఉన్నచోట యూనిట్‌కు 10 రూపాయలని నోటిమాటగా తీసుకునే పద్ధతికి ఒప్పుకోవద్దు. ప్రతి నెలా అసలు బిల్లు కాపీ అడగండి. ఎనర్జీ ఛార్జీలను యూనిట్ల నిష్పత్తిలో పంచుకోవడం న్యాయమైన పద్ధతి. సబ్ మీటర్లన్నీ కలిపినా అసలు మీటరు కంటే తక్కువ వస్తే, ఆ తేడా కామన్ వాడకానిది.

మోటారు మీ మీటరు మీద ఉంటే పరిహారాన్ని సగటు ధరతో కాక మోటారు ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చే బిల్లుల తేడా ప్రకారం అడగాలి. గంటకు ఒక యూనిట్ తీసుకునే మోటారు రోజుకు రెండు గంటలు నడిస్తే నెలకు 60 యూనిట్లు. మీ సొంత వాడకం 180 అయితే రూ.724తో పోయేది, 240 కావడంతో రూ.1,328 అయింది. అంటే మోటారు ఖర్చు రూ.604. యూనిట్‌కు 5 రూపాయల లెక్కన మూడు వందలు తగ్గిస్తామంటే అది సగం మాత్రమే.

సందేశానికి ఒక నమూనా: “నమస్కారం సార్. ఈ నెల బిల్లు 240 యూనిట్లు వచ్చింది. మెయిన్ ఆపి చూస్తే బోరు మోటారు మా మీటరు మీదనే నడుస్తోందని తెలిసింది. వీడియో, బిల్లు పంపుతున్నాను. మోటారును విడిగా మార్పించే వరకు నెలకు రూ.604 అద్దెలో తగ్గించుకోవడానికి మీ అంగీకారం తెలుపగలరు.”

9. విద్యుత్ సంస్థకు ఫిర్యాదు

లోపం రీడింగులోనో, బిల్లు లెక్కలోనో, మీటరులోనో ఉన్నప్పుడే ఇది. ఇంటి వైరింగు గురించి సంస్థకు ఫిర్యాదు చేసి ప్రయోజనం లేదు.

ముందుగా 1912కు ఫోన్ చేసి లేదా యాప్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. తరువాత బిల్లు లెక్కల విషయమైతే మీ ప్రాంతపు ఈఆర్ఓ (బిల్లుల విభాగం) కార్యాలయంలో, మీటరు విషయమైతే సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గర లిఖితపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. మీటరు పరీక్షకు నిర్ణీత రుసుము కట్టవలసి ఉంటుంది.

సర్వీసు ఓనర్ పేరున ఉన్నా మీరు ఫిర్యాదు చేయవచ్చు. 2003 విద్యుత్ చట్టం కనెక్షన్ ఉన్న ఇంట్లో సరఫరా పొందుతున్నవారిని కూడా వినియోగదారుగానే పరిగణిస్తుంది. అయినా ఓనర్ దగ్గర ఒక అంగీకార పత్రం తీసుకుని వెళితే కౌంటరు దగ్గర వాదన తప్పుతుంది.

దరఖాస్తులో ఉండవలసినవి:

□ యూఎస్‌సీ నంబరు, మీటరు నంబరు, ఫ్లాట్ చిరునామా
□ బిల్లు తేదీ, బిల్లులోని రీడింగు, మీరు చూసిన రీడింగు, చూసిన తేదీ
□ గత ఆరు నెలల యూనిట్లు ఒకే వరుసలో
□ మీరు కోరుతున్నది ఒకే వాక్యంలో: బిల్లు సవరణ, కేటగిరీ మార్పు లేదా మీటరు పరీక్ష
□ ఫొటోలు, బిల్లు కాపీలు

ఫిర్యాదు పెట్టామని గడువు తేదీని వదిలేయడం పెద్ద పొరపాటు. అదే చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం సరఫరా నిలిపివేయడానికి 15 రోజుల లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. వివాదం ఉన్నప్పుడు బిల్లు మొత్తం, లేదా గత ఆరు నెలల సగటు ప్రకారం వచ్చే మొత్తం, ఏది తక్కువైతే దానిని నిరసన తెలుపుతూ చెల్లిస్తే వివాదం తేలే వరకు సరఫరా నిలపకూడదు. ఈ సెక్షన్‌ను దరఖాస్తులోనే ప్రస్తావించండి.

అక్కడ పరిష్కారం కాకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, దాని నిర్ణయం మీద విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అక్కడ మొదట అడిగేది ముద్ర ఉన్న పాత దరఖాస్తు కాపీనే.

10. తరచూ జరిగే పొరపాట్లు

బిల్లు ఎక్కువ వచ్చిన నెల రీడింగును ఫొటో తీయకుండా వారాలు గడపడం. ఆ తరువాత తప్పు రీడింగును కూడా నిజమైన వాడకం దాటేస్తుంది, రుజువు పోతుంది.

ఇల్లు మారిన మొదటి నెలలో బిల్లును పాత ఇంటితో పోల్చడం. పై అంతస్తు ఫ్లాట్‌లో ఎండాకాలం ఏసీ ఎక్కువసేపు నడవక తప్పదు. అదే సర్వీసు గత ఏడాది అదే నెల వాడకంతో పోల్చండి.

ఓనర్‌తో మాట తేలలేదని బిల్లు కట్టడం ఆపేయడం. ఫ్యూజు తీసేది మీ ఇంటికే.

11. చేరేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు

తాళం చెవి తీసుకున్న రోజే కేడబ్ల్యూహెచ్ రీడింగు, మీటరు నంబరు రెండూ కనిపించేలా ఫొటో తీసి ఓనర్‌కు పంపండి. ఎరియర్స్ లేవని వెబ్‌సైట్‌లో చూసుకోండి. 4, 5 మెట్లలోని పరీక్షలు సామాను సర్దకముందే చేయడం తేలిక, ఇల్లు ఖాళీగా ఉంటుంది కనుక. మోటారు, మెట్ల దీపాలు ఏ మీటరు మీద ఉన్నాయో, ఏసీడీ ఎవరు కట్టాలో ఒప్పంద పత్రంలో రాయించండి.

ఖాళీ చేసే రోజు చివరి రీడింగును ఓనర్ ఎదుటే రాసి, గత బిల్లు తరువాత వాడిన యూనిట్లకు లెక్క కట్టి, అడ్వాన్సు తిరిగి తీసుకునేటప్పుడే ఆ మొత్తాన్ని మినహాయించి రసీదు రాయించుకోండి. నెల మధ్యలో ఖాళీ చేస్తే మీ తరువాత వచ్చేవారి వాడకం కూడా అదే బిల్లులో కలిసి 200 దాటవచ్చు కనుక, తరువాతి బిల్లు వచ్చాక చూద్దామన్న మాటకు ఒప్పుకోవద్దు.